బియ్యంలో నిలవని పేరు

దయ్యాలున్నాయని నేనెప్పుడూ నమ్మలేదు. ఇప్పుడూ నమ్మను. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. లేకపోతే నేను చెప్పబోయేది విని, "చూశావా, చివరికి నువ్వూ దారికొచ్చావు" అని చంకలు గుద్దుకునేవాళ్లు మా బంధువుల్లో చాలామంది ఉన్నారు. నేనే దారికీ రాలేదు. నా కళ్లతో చూసింది చెబుతున్నాను, అంతే.

చిన్నప్పుడు మా ఊరి లాకుల దగ్గర కొరివి దయ్యం తిరుగుతోందని పొద్దుగూకగానే అందరూ తలుపులు వేసుకునేవారు. నేను వెళ్లి చూసొచ్చాను. అది లాకుల కాపలాదారు కాలుస్తున్న చుట్ట. ఆ సంగతి ఊళ్లో చెబితే నన్నే తిట్టారు గాని, దయ్యాన్ని మాత్రం ఎవరూ వదులుకోలేదు.

నా పేరు మాణిక్యమ్మ. మా ఊరు సామర్లకోట దగ్గర, కాకినాడ వెళ్లే కాలువ పక్కన. వ్యవసాయం చేసుకునే కుటుంబం. పెళ్లయిన రెండో ఏట భర్త పోతే పుట్టింటికి వచ్చేశాను. నేను వచ్చిన ఏడాదే కలరాలో అమ్మా నాన్నా ఇద్దరూ పోయారు. మిగిలింది నేనూ, నా తమ్ముడు వెంకటరత్నమూ. వాడిది అప్పటికి ఇంకా పలక పట్టే వయసు.

పొలం నేనే చేయించాను. నారు ఎప్పుడు పోయించాలో, కాలువ నీళ్ల కోసం ఎవరితో తగువు పడాలో, శిస్తు ఎలా కట్టాలో అన్నీ నేనే చూశాను. తమ్ముడికి చదువు చెప్పడానికి మేష్టారు ఇంటికి వస్తే తలుపు చాటున కూర్చుని వాడికంటే ముందు నేను నేర్చుకున్నాను. ఇంగ్లీషు మాత్రం సామర్లకోటలో ఆడవాళ్లకు కుట్టుపని నేర్పే ఒక దొరసాని దగ్గర నేర్చుకున్నాను.

"నీకు ఇంగ్లీషెందుకే?" అని మా దొడ్డమ్మ ఊరంతా వినేలా అడిగింది. దొడ్డమ్మంటే మా నాన్న అన్నగారి భార్య. మా ఇంట్లో పెద్దదిక్కు తనే అనుకునేది. "నీకు ఎదురు చెప్పడానికి తెలుగొక్కటీ చాలట్లేదు దొడ్డమ్మా" అన్నాను. ఆ తర్వాత చాలా రోజులు నాతో మాట్లాడలేదు, నాకూ హాయిగానే ఉండేది.

ఆ దొరసాని బీరువాలో ఐగుప్తు, అంటే ఈజిప్టు దేశం గురించి బొమ్మలున్న లావుపాటి పుస్తకం ఒకటి ఉండేది. బతిమాలితే కొన్నాళ్లు చదువుకోమని ఇచ్చింది. అందులోనే నాకు హతాసు రాణి కనిపించింది.

తండ్రి పోయాక, తమ్ముళ్ల కోసమని రాజ్యం తన చేతిలోకి తీసుకుని మగరాజులా ఏలిన మనిషి ఆవిడ. సాంబ్రాణి పండే దేశానికి ఓడలు పంపించి చెట్లను వేళ్లతో సహా తెప్పించింది. ఆవిడ పోయాక తర్వాతి తమ్ముడు గద్దె ఎక్కి, గోడల మీదా రాతిస్తంభాల మీదా ఆవిడ పేరున్న ప్రతిచోటా ఉలితో చెక్కించేశాడు. కొన్నిచోట్ల ఆ గుంటలోనే తన పేరు వేయించుకున్నాడు. ఆ పుస్తకం వచ్చిన రోజుల్లో చరిత్రకారులు అలా రాశారు.

ఐగుప్తులో రాజుల పేర్లు ఊరికే రాయరు. కోలగా ఒక తాడు చుట్టినట్టు గీసి, ఆ తాడుకు ముడి వేసినట్టు చూపించి, అందులో పేరు రాస్తారు. అలా తాడు చుట్టిన పేరు కనిపించిందంటే అది రాజుదో రాణిదో అన్నమాట. ఆ పుస్తకంలో హతాసు పేరు చెక్కేసిన తాడుచుట్ట బొమ్మ ఒకటుంది. చుట్టూ తాడు అలాగే ఉంది, లోపల ఏమీ లేదు. ఆ బొమ్మ చూసిన రోజు నాకు అన్నం సహించలేదు. మూడువేల ఏళ్ల కిందటి ఆడదాని కోసం ఒళ్లు మండిపోవడం తెలివితక్కువే కావచ్చు, కాని మండింది.

అప్పుడే కథ రాయాలనిపించింది. జరిగింది కాదు, జరగనిది. సాంబ్రాణి దేశానికి వెళ్లిన ఓడలు నిజానికి క్షేమంగా తిరిగి వెళ్లాయి. తిరిగి వెళ్లకుండా నైరుతి గాలికి చిక్కి, లంక చుట్టి, మన కోరంగి రేవుకు కొట్టుకొచ్చి ఉంటే? అందులో హతాసు కూతురు నెఫెరూరా కూడా ఉండి ఉంటే? ఐగుప్తు చరిత్రలో ఆ పిల్ల ఏమైందో ఎవరికీ తెలియదు. నా కథలో ఆ పిల్ల గోదావరి పాయల మధ్య రాజ్యం ఏలుతుంది.

కథ సులువుగానే సాగింది. పేర్లే నా ప్రాణం తీశాయి.

నేనొక నియమం పెట్టుకున్నాను. ఓడ దిగిన ప్రతి మనిషికీ ఐగుప్తులో నిజంగా ఉన్న పేరే పెట్టాలి. రాజవంశం వాళ్లకు నిజంగా రాజులు పెట్టుకున్న పేరే ఉండాలి. అదీ హతాసు కాలానికి ముందుదో, అప్పటిదో అయి ఉండాలి గాని తర్వాతిది కాకూడదు. మెనా, ఖూఫూ, పెపీ, ఉసెర్తెసెన్, అమెన్‌హోతెప్, థోత్‌మెస్ అని పిండి రుబ్బుకుంటూ వల్లించేదాన్ని. రామెసెస్ అనే పేరు నాకు చాలా నచ్చింది, మన రాముడి పేరులా ఉందని కాంతం కూడా ముచ్చటపడింది. కాంతం నా తమ్ముడి భార్య. కాని ఆ రాజులందరూ హతాసు తర్వాతి వాళ్లు. అందుకని మనసు చంపుకుని కొట్టేశాను.

కొన్నాళ్లకు ఆ పేర్ల లోగుట్టు తెలిసింది. అమెన్ అనేవాడు వాళ్ల పెద్ద దేవుడు. అమెన్‌హోతెప్ అంటే అమెన్ సంతుష్టుడయ్యాడని అర్థం. థోత్‌మెస్ అంటే థోత్ దేవుడికి పుట్టినవాడు. మన సామర్లకోట గుళ్లోని దేవుడి పేరు మీద చుట్టుపక్కల ఇంటికొక భీమన్నో భీమరాజో ఉన్నట్టే వాళ్ల ఊళ్లోనూ. ఆ దేవుడి గుడి ఎక్కడుందో, ఆ దేవుడికి ఏ కాలంలో పలుకుబడి ఉందో చూసుకుంటే ఏ పేరు ఎవరికి నప్పుతుందో తెలిసిపోయేది. ఓడ నడిపే సరంగుకి రాజు పేరు పెట్టకూడదు. చిన్నప్పుడు అమ్మ పిలిచే పేరు వేరు, గద్దె ఎక్కినప్పుడు పెట్టుకునే పేరు వేరు. ఇవన్నీ పాటించాను.

తమ్ముడు అప్పటికి కాకినాడలో ప్లీడరు. సామర్లకోటకు రైలు కొత్తగా వచ్చిన రోజులు. ఆదివారాలు ఇంటికి వచ్చి నేను రాసింది చదివేవాడు.

"అక్కా, ఈ పేర్లు పలికితే పళ్లూడేలా ఉన్నాయి. రాణికి రత్నమాల అని పెట్టు. క్లియోపాత్రా అయినా పెట్టు, అది నలుగురికీ తెలుసు."

"ఆవిడ హతాసుకి వెయ్యేళ్ల పైన తర్వాతిదిరా. అదీ గ్రీకు పేరు."

"కోరంగిలో కూర్చుని ఎవడడగొచ్చాడు? కందకు లేని దురద కత్తిపీటకెందుకు?"

"లండన్‌లో ఎవడో మన రాజమండ్రి రాజు కథ రాసి జేమ్సు అని పేరు పెడితే నీకు దురద పుడుతుందా, పుట్టదా?"

వాడు నవ్వి తర్వాతి కాగితం తిప్పాడు. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని వాడికి తెలుసు. మంచివాడే మా తమ్ముడు, అది కూడా చెప్పాలి. కథ బాగుందని మొదట అన్నది వాడే. అచ్చు వేయిస్తానని కాకినాడలో ఒక ప్రెస్సులో మాట్లాడింది కూడా వాడే.

ఒక ఆదివారం మొదటి పేజీ నమూనా తెచ్చాడు. పుస్తకం పేరు పెద్దగా ఉంది. కింద "వెంకటరత్నము గారిచే రచింపబడినది" అని ఉంది.

"ఇదేంటిరా?" అన్నాను.

"నా కోసం కాదక్కా. నువ్వు కథలు అచ్చేయించావంటే లోకం ఊరుకుంటుందా? కోర్టులో నన్ను చూసి నవ్వుతారు. రేపు పుట్టబోయేది ఆడపిల్లయితే సంబంధాలు కూడా చూడాలి కదా. ముందుమాటలో రాస్తాను, మా అక్కగారు ఎంతో ప్రోత్సహించారని."

"నేను ప్రోత్సహించింది నిన్ను. పుస్తకాన్ని రాశాను."

"అక్కా, ప్రెస్సువాళ్లకు చెప్పేశాను."

"సొమ్మొకడిది సోకొకడిది అన్నమాట. హతాసు తమ్ముడు కూడా ఇలాగే చేశాడు."

"నేనేమన్నా ఉలి పట్టుకు తిరుగుతున్నానా?" అని నవ్వాడు. ఆ నవ్వుకు నాకు చాలా బాధేసింది. అన్నం పెట్టి పెంచినవాణ్ని నేను ఏమని తిట్టను? ఆ రోజు నుంచి వాడితో మాట మానేశాను. పుస్తకం మీద నా పేరుండాలి, లేదా పుస్తకమే వద్దు అని కాంతం చేత కబురు చెప్పించాను. అయినా ప్రెస్సులో పని సాగుతూనే ఉంది.

ఈలోగా కాంతానికి నెలలు నిండాయి. తనకు తల్లి లేదు, పుట్టింట్లో పురుడు పోసే దిక్కు లేదు. మా ఇంట్లోనే పురుడు పోశాం. మంత్రసానితో పాటు పక్కనుండి చేసింది నేనే. ఆడపిల్ల పుట్టింది. తల్లి బాగా నీరసించిపోయింది. పిల్ల కూడా సన్నగా పుల్లలా ఉంది, పాలు సరిగా తాగేది కాదు. ఇరవయ్యొకటో రోజున బారసాల పెట్టారు.

మా వైపు బారసాలలో ఏం చేస్తారో తెలియనివాళ్లకు చెబుతాను. పళ్ళెంలో బియ్యం పోసి చదును చేస్తారు. తండ్రి బంగారు ఉంగరంతో ఆ బియ్యంలో బిడ్డ పేరు రాస్తాడు. బియ్యంలో రాశాకే అది పేరు అవుతుంది. తమ్ముడు పిల్లకు సరోజిని అనే పేరు అనుకున్నాడు. కాకినాడలో ప్లీడర్ల ఇళ్లలో అప్పుడు అలాంటి పేర్లు కొత్త.

ఆ పొద్దున పరమాన్నం వండింది నేను. పళ్ళెంలో పోసిన బియ్యం ముందురోజు చెరిగి రాళ్లు ఏరింది కూడా నేనే. కాని పంతులుగారు వచ్చి పీటల మీద కూర్చోమనగానే దొడ్డమ్మ నా దగ్గరికొచ్చి, "కాసేపు అటు పెరటి వసారాలో ఉండవే, శుభం జరుగుతోంది" అంది.

"పురిటికి పనికొచ్చిన చేతులు పేరుకి పనికిరావా?" అన్నాను.

"నేను పెట్టిన ఆచారమా?" అంది. నన్ను బయటికి పంపి లోపలి నుంచి తనే తలుపు గడియ పెట్టింది. ఆ గడియ చప్పుడు నాకు బాగా గుర్తు. ఆ తలుపు తప్ప పెరట్లోంచి నట్టింట్లోకి వేరే దారి లేదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

నేను వసారాలో గోడకు చేరగిలబడి కూర్చున్నాను. ఎండ బాగా కాస్తోంది. లోపల మంత్రాలు వినిపిస్తున్నాయి. కాసేపటికి అవి ఆగిపోయాయి. తర్వాత అందరూ ఒక్కసారి మాట్లాడటం మొదలుపెట్టారు. మళ్లీ అందరూ ఆగిపోయారు. కాంతం ఏడుపు వినిపించింది.

తమ్ముడు గడియ తీశాడు. ముఖం పాలిపోయి ఉంది. ఎన్నాళ్ల తర్వాతో నాతో మాట్లాడాడు.

"అక్కా, ఒకసారి లోపలికి రా."

"నేను రాను. రావద్దన్నవాళ్లు చెప్పాలి రమ్మని."

వెనకనుంచి దొడ్డమ్మ, "అది రాకూడదురా" అంటోంది. కాంతం మాత్రం పిల్లనెత్తుకుని లేవలేక లేచి, "వదినగారూ, మీకు దణ్ణం పెడతానండి. మీరొక్కసారి చూడండి" అంది. ఆ పిల్ల అలా అనేసరికి నా కోపం నిలవలేదు. కాని గడప దాటలేదు. పళ్ళేన్నే ఇక్కడికి తెమ్మన్నాను. తమ్ముడు తెచ్చి గడపకు అటువైపు పెట్టాడు. నేను ఇటువైపు కూర్చున్నాను. పళ్ళేన్ని నేను ముట్టుకోలేదు, అది అందరూ చూశారు.

లోపల ఏం జరిగిందో పంతులుగారు చెప్పారు. తమ్ముడు బిడ్డ పేరు రాశాడు. అక్షింతలు అందుకోవడానికి ఇటు తిరిగాడు. మళ్లీ చూస్తే పేరు లేదు. పేరున్న చోట బియ్యం నున్నగా ఉంది. దాని చుట్టూ మాత్రం ఏదో గీత ఉంది. పళ్ళెం కదిలిందేమోనని బియ్యం మళ్లీ చదును చేసి రాయించారు. ఈసారి అందరూ చూస్తుండగానే పేరు పోయింది. గీత మళ్లీ వచ్చింది.

"ఏదో పాము చుట్టలా ఉందమ్మా. నేనింతవరకు ఎక్కడా చూడలేదు" అన్నారాయన.

నేను వంగి చూశాను. సిగ్గుపడకుండా చెబుతున్నాను, భయమేసింది.

పళ్ళెంలో నిలువుగా, కోలగా ఒక చుట్ట ఉంది. కింది కొసన అడ్డంగా ఒక చిన్న గీత. లోపల ఖాళీ. మా ఊళ్లో గాని, కాకినాడలో గాని ఆ గుర్తు చూసినవాళ్లు ఎవరూ లేరు. నేను దాన్ని దొరసాని పుస్తకంలో చూశాను. అది పేరు చెక్కేసిన తాడుచుట్ట.

"మళ్లీ రాయరా" అన్నాను తమ్ముడితో.

వాడు మళ్లీ ఉంగరం అందుకున్నాడు. చుట్ట లోపల సరోజిని అని రాశాడు. మేమందరం చూస్తూనే ఉన్నాం. గాలి లేదు. మొదటి అక్షరం దగ్గర గింజలు మెల్లగా కదిలి గీతలోకి దొర్లాయి. తర్వాత రెండో అక్షరం, తర్వాత మూడోది, నాలుగోది. ఎవరో ఓపిగ్గా ఒక్కొక్క అక్షరమే చెరుపుతున్నట్టుంది. చుట్ట మీది గింజ ఒక్కటి కూడా కదలలేదు.

"పేరు నిలవని బిడ్డ మనకు దక్కదు" అని దొడ్డమ్మ అనేసింది. కాంతం కూలబడిపోయింది. పిల్ల ఏడవలేక ఏడుస్తోంది. ఇరవయ్యొక్క రోజులు ఆ పిల్ల నోట్లో చుక్కచుక్క పాలు పోసినదాన్ని నేను. అలాంటి మాట వినేసరికి భయం పోయి కోపం వచ్చింది. దొడ్డమ్మ మీద, తమ్ముడి మీద, ఆ పళ్ళెంలో కూర్చుని ఆడుతున్నదేదో దాని మీద కూడా వచ్చింది.

ఇక్కడ నా కథలో సంగతొకటి చెప్పాలి. నా కథలో నెఫెరూరా కోరంగిలో గద్దె ఎక్కేటప్పుడు తన పేరు రాతిమీద చెక్కిస్తుంది. ఆ రాయి తల్లి పేరు చెక్కేసిన రాయి, ఓడలో వచ్చింది. ఎంత చెక్కినా కూతురి పేరు నిలవదు. చెరిపిన పేరు ముందు మళ్లీ రాయాలి, అప్పుడే ఇంకో పేరు నిలుస్తుంది. ఇది పూర్తిగా నా కల్పన. నిజానికి ఐగుప్తులో తమ్ముడి పేరు శుభ్రంగానే నిలిచింది.

కోపంలో నా నోటికి ఆ మాటే వచ్చింది. "పేరు చెరిపిన చోట ఇంకో పేరు నిలవదురా. ముందు నువ్వు చెరిపింది రాయి."

వాడు నావైపు చూశాడు. కథ మొత్తం చదివినవాడు కదా, అర్థమైంది. దొడ్డమ్మకు అర్థమవడానికి కొంచెం సేపు పట్టింది. "భర్త పోయినదాని పేరా? పసిబిడ్డ బియ్యంలోనా?" అని వాడి చెయ్యి పట్టుకోబోయింది.

"వదులు దొడ్డమ్మా" అన్నాడు వాడు. అంత గట్టిగా వాడు ఆవిడతో మాట్లాడటం అదే మొదటిసారి.

చుట్ట లోపల మాణిక్యమ్మ అని రాశాడు.

అందరం వంగి చూశాం. గింజ కదల్లేదు. బియ్యంలో నిలిచిన ఆ పేరే బిడ్డకూ పేరని పంతులుగారు అక్షింతలు వేశారు. అయినా కదల్లేదు. కాంతం పిల్లను పళ్ళెం దగ్గరికి తెచ్చి కూర్చుంది. కాసేపటికి పిల్ల ఏడుపాపింది. పాలకోసం నోరు తెరిచింది, తల్లి పట్టింది, తాగింది. దీన్ని నేను మహిమ అనను. ఆకలేసిన పిల్ల ఎప్పుడో ఒకప్పుడు తాగుతుంది.

అక్కడితో ఆగక నేను గడప దాటి లోపలికి వెళ్లి పిల్లను ఎత్తుకున్నాను. నా పేరు పెట్టిన పిల్లను నేను ఎత్తుకోకూడదని చెప్పే ఆచారమేదైనా ఉంటే చూపించమన్నాను. పంతులుగారు గొంతు సవరించుకుని, "అలాంటిది లేదమ్మా" అన్నారు.

ఆ రోజు మధ్యాహ్నమే తమ్ముడు కాకినాడ వెళ్లాడు. మరో రోజు ఆగమన్నా వినలేదు. మొదటి పేజీ మార్పించాడు. పుస్తకం నా పేరుతోనే వచ్చింది. కోర్టులో వాణ్ని చూసి నవ్వినవాళ్లు నవ్వారు. ఆ పేర్లేమిటి, పళ్లూడే పేర్లు అని కొందరన్నారు. విధవకు ఇంత పొగరా అని కొందరు రాశారు. ఒక్క పేరూ మార్చలేదు. నాదీ మార్చలేదు.

తర్వాత నేను ఊరుకోలేదు. లాకుల దగ్గర చుట్టనిప్పు చూసొచ్చినదాన్ని కదా. అదే పళ్ళెంలో, అదే బియ్యంతో, అదే నట్టింట్లో ఎన్నోసార్లు రాసి చూశాను. చీమలేమో చూశాను. బియ్యం కొత్తవా, నున్నగా జారుతున్నాయా అని చూశాను. పీట ఎగుడుదిగుడుగా ఉందేమో చూశాను. ఏ పేరు రాసినా బుద్ధిగా నిలిచింది. రామెసెస్ కూడా నిలిచింది.

మనుషుల మీదా అనుమానపడ్డాను. నేను చేశాననడానికి వీల్లేదు. నన్ను గడియ పెట్టి బయట కూర్చోబెట్టారు. దొడ్డమ్మ పాటించిన ఆచారమే నాకు సాక్ష్యం. ఇక తమ్ముడు. తప్పు తెలుసుకుని, పెద్దవాళ్ల ముందు ఒప్పుకోలేక, వాడే ఏదో కనికట్టు చేశాడేమో అని చాలాకాలం అనుకున్నాను. తాడుచుట్ట ఎలా ఉంటుందో నా కథలో వర్ణించాను, వాడు చదివాడు. దొరసాని పుస్తకం మాత్రం వాడు చూడలేదు. వాడికి కథ చూపించేనాటికే దాన్ని తిరిగి ఇచ్చేశాను. అడిగితే పిల్ల నెత్తిన చెయ్యి పెట్టి కాదన్నాడు. అయినా నాలో అనుమానం పోలేదు. ఒక విధంగా ఆ అనుమానమే నాకు ధైర్యంగా ఉండేది. మా తమ్ముడు చేశాడంటే దయ్యం లేనట్టే.

ఆ ధైర్యం కూడా పోయింది. పిల్ల బడికి వెళ్లే వయసొచ్చాక ఒకరోజు దాన్ని దొరసానికి చూపించడానికి తీసుకెళ్లాను. బీరువాలో ఆ పుస్తకం అక్కడే ఉంది. తీసి ఆ బొమ్మ చూశాను.

నా కథలో తాడుచుట్టకు ముడి పైన ఉంటుందని రాశాను. తలకట్టులా పైన ముడి అని రెండుచోట్ల రాశాను. ఎందుకు రాశానో కూడా తెలుసు. మా పొలంలో వరిమోపు కడితే ముడి పైకే వస్తుంది. ఏళ్ల తరబడి మోపులు కట్టించినదాన్ని, నా బుర్రలో ఏ తాడుకైనా ముడి పైనే ఉంటుంది. పుస్తకంలో ముడి కింద ఉంది. చుట్ట కింది కొసన, అడ్డగీతలా.

బియ్యంలోనూ కిందే ఉంది.

తమ్ముడు చేసి ఉంటే నా రాత చూసి చేయాలి, ముడి పైన వేయాలి. నా మనసే ఏదో మాయ చేసిందనుకుంటే నా మనసులోనూ ముడి పైనే ఉంది, బారసాల రోజు భయంలో ఆ తేడా పట్టించుకోలేదంతే. ఆ రోజు ఆ ఇంట్లో ఉన్న ఏ మనిషికీ అది కింద ఉంటుందని తెలియదు. పుస్తకం మూసి బీరువాలో పెట్టి, పిల్ల చెయ్యి పట్టుకుని ఇంటికి వచ్చేశాను. దారిపొడుగునా నేను మాట్లాడలేదని పిల్ల అలిగింది.

హతాసు రాణి వచ్చిందనడానికి నాకు నోరు రాదు. ఆవిడకు మా ఊరితో ఏం పని? ఆవిడ ఓడలు ఈ దిక్కుకు రానేలేదు. కోరంగికి రప్పించింది నేను, కాగితం మీద. చెరిపిన పేరు రాయందే ఇంకో పేరు నిలవదన్నదీ నేను అల్లిన అబద్ధమే. నా అబద్ధాన్ని నిలబెట్టి, నా తప్పును దిద్దిపోయింది ఎవరు? నాకు తెలియదు. ఇన్నేళ్లయినా తెలియలేదు. దయ్యమని మీరంటే మీ ఇష్టం, నేను మాత్రం అనను.

పుస్తకం మళ్లీ అచ్చు వేశాం. ముడి కిందికి మార్చాను. అట్ట మీద మాణిక్యమ్మ అనే ఉంది. మా ఇంట్లో ఇప్పుడు ఆ పేరుగలవాళ్లం ఇద్దరం ఉన్నాం. చెరిపేవాళ్లెవరైనా ఉంటే రమ్మనండి, చూద్దాం.